టీకా వేసిన చోట వాచి గడ్డ కడితే కాపడం పెట్టొచ్చా?

మీరు అడిగింది ఇదీ: "పాపకు నెలన్నర సూదులు వేయించాం. ఎడమ తొడ ఎర్రబడి వాచింది, తడిమితే గట్టిగా తగులుతోంది. ఇంట్లో కాపడం పెట్టమంటున్నారు, పెట్టొచ్చా?"

పెట్టొద్దు. దయచేసి పెట్టొద్దు. మిగతాదంతా తర్వాత చదవొచ్చు, ముందు పొయ్యి మీద మూకుడు ఉంటే దించేయండి.

మూడేళ్ల కిందట మా పాపకు ఇవే సూదులు వేయించినప్పుడు నేను పుట్టింట్లో ఉన్నాను, తెనాలి దగ్గర పల్లె. బుధవారం పొద్దున తీసుకెళ్లాం. నోట్లో పోలియో, రోటా చుక్కలు, కుడి జబ్బకు పోలియో సూది, కుడి తొడకు న్యుమోనియా టీకా, ఎడమ తొడకు అయిదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకా. మధ్యాహ్నం దాకా బాగానే ఉంది. దీపాలు పెట్టే వేళకి ఎడమ తొడ మీద రూపాయి బిళ్లంత మేర ఎర్రబడింది. గుడ్డ మార్చడానికి ఆ కాలు కాస్త ఎత్తితే చాలు, గుక్కపట్టి ఏడుపు. ఒళ్లు కూడా వెచ్చబడింది.

మా అమ్మమ్మ చేతి మీదుగా పెరగని పిల్లలు మా ఇంట్లో లేరు. "సూదిమందు అక్కడే గడ్డ కట్టిందే, కరిగించకపోతే చీము పడుతుంది" అంది. కల్లుప్పు మూకుట్లో వేయించి, పాత చీర ముక్కలో మూట కట్టి, తన ముంజేతి మీద పెట్టి చూసుకుంది. చాలలేదనిపించి మళ్లీ మూకుట్లో అద్దింది. ఎనభై ఏళ్లు పొయ్యి దగ్గర గడిపిన చేతికి ఆ వేడి వేడిగా తోచలేదు. తొడకు ఆనించగానే పాప ఒక్క క్షణం ఊపిరి బిగపట్టింది. ఆ తర్వాత పెట్టిన కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తెల్లారేసరికి చిక్కుడు గింజంత బొబ్బ.

పొద్దున్నే, టీకాలు వేసే నర్సు ఏఎన్ఎం గారి దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ చూసి, "ఇది టీకా వల్ల వచ్చింది కాదమ్మా, మూట వల్ల వచ్చింది. టీకా వాపు అదిగో, ఇవతల, అది రెండు రోజుల్లో తగ్గుతుంది" అని వేలుపెట్టి చూపించారు. అలాగే తగ్గింది. బొబ్బ మానడానికి మాత్రం పది రోజులు పట్టింది.

ఇప్పుడు మీ పాప సంగతి. పెంటావాలెంట్‌లో కోరింత దగ్గు క్రిమిని చంపి మొత్తంగా వాడతారు, పైగా మందు బాగా పనిచేయడానికి అల్యూమినియం లవణం కలుపుతారు. ఒంట్లోని రక్షణ కణాలు అక్కడికి చేరి పని మొదలుపెడతాయి, ఆ ఎరుపూ వాపూ అందుకే. కరిగించాల్సిందేమీ లేదు. శుభ్రమైన నూలుగుడ్డ చల్లటి నీళ్లలో తడిపి, గట్టిగా పిండి, పైన వేసి ఉంచండి. ఐసుముక్క నేరుగా పెట్టొద్దు. పసుపు, సున్నం, ఆముదపాకు, అమృతాంజనం ఏదీ రాయొద్దు. స్నానం చేయించేటప్పుడు ఆ తొడ రుద్దొద్దు. పాలు అడిగినప్పుడల్లా ఇవ్వండి. ఎత్తుకునేటప్పుడు ఆ కాలు నలగకుండా చూస్తే సగం ఏడుపు అక్కడే ఆగుతుంది.

జ్వరం మందు విషయంలో మాత్రం జాగ్రత్త. పారాసెటమాల్ చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటాయి. అదే పేరుతో వచ్చే 125 సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకు 125. అంటే చుక్కల మందు నాలుగు రెట్లు ఘాటు. మా పక్కింటి అమ్మాయి చుక్కల సీసా పట్టుకుని సిరప్ లెక్కన పోయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. సీసాలు చూడటానికి ఒకేలా ఉంటే, నిద్రలేని తల్లి రాత్రి రెండింటికి ఎలా పోల్చుకుంటుంది? ఈ తయారీదార్ల మీద నాకు చాలా కోపం. పిల్ల బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. మా పాప అప్పుడు నాలుగున్నర కిలోలు, అర మిల్లీలీటరు చుక్కల మందు ఇమ్మని కార్డు మీద రాసిచ్చారు. మీరూ అలా రాయించుకోండి. జ్వరం రాకముందే పోసేయకండి, ఆస్పిరిన్ అసలు వద్దు.

మూడు గంటలకు మించి ఆపకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా, పాలు తాగకుండా మగతగా ఉన్నా, జ్వరం రెండో రోజు కూడా వదలకపోయినా, ఎరుపు మూడో రోజుకీ పాకుతున్నా, చీము కనపడినా ఇంట్లో కూర్చోవద్దు, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. వాపు పోయాక లోపల బఠాణీ గింజంత గట్టిగా మిగిలితే కంగారు పడకండి. మా పాపకు మూడు వారాలు ఉండి, దానంతటదే పోయింది.

కొందరు ఈ వాపుకు భయపడి ప్రైవేటులో వేలు పోసి "నొప్పి లేని సూది" వేయిస్తున్నారు. అందులో కోరింత దగ్గు క్రిమి మొత్తంగా కాక దాని ముక్కలే ఉంటాయి కాబట్టి వాపు తక్కువే, నిజం. కానీ కోరింత దగ్గు నుంచి దాని రక్షణ త్వరగా తగ్గిపోతుంది. ఊళ్లో ఉచితంగా వేసేది తక్కువరకం అనుకోవడం పెద్ద పొరపాటు.

నా అసలు బాధ వేరే ఉంది. జాగ్రత్తలన్నీ తల్లికే చెబుతారు, అదీ ముప్ఫై మంది పిల్లలు ఏడుస్తున్న గదిలో, గబగబా. పచ్చి బాలింత ఎంతని గుర్తుపెట్టుకుంటుంది? రాత్రికి నిర్ణయం తీసుకునేది ఇంట్లో పెద్దావిడ, ఆవిడకు ఎవరూ ఏమీ చెప్పరు. ఇక తండ్రులైతే బండి మీద దింపేసి వెళ్లిపోతారు. పొరపాటు జరిగితే "నువ్వేం విన్నావు అక్కడ?" అని తల్లినే అంటారు. నన్నూ అన్నారు.

అందుకే పదోవారం సూదికి అమ్మమ్మను ఆటోలో ఎక్కించుకుని వెళ్లాను. ఏఎన్ఎం గారు ఆవిడ పక్కన కూర్చుని, "పెద్దమ్మా, ఈసారి తడిగుడ్డే" అని నిదానంగా చెప్పారు. ఆ రాత్రి పన్నెండు దాకా మా అమ్మమ్మే గుడ్డ తడిపి మారుస్తూ కూర్చుంది. మర్నాడు పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకుని స్నానం చేయిస్తుంటే చూశాను. ఒళ్లంతా సున్నిపిండితో రుద్దింది, ఎడమ తొడ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తీసేసి, ఊరికే నీళ్లు జారవిడిచింది.