పగలని అన్నం గిన్నె

ప్రశ్న: మావాడు చెన్నై దగ్గర ఒక ఫ్యాక్టరీలో చేస్తాడు. అక్కడికి మిషన్లు బిగించడానికొచ్చిన చైనా ఇంజినీరుతో మాటల్లో 'మా నాన్న గవర్నమెంటు టీచరుగా రిటైరయ్యాడు' అంటే, ఆయన నవ్వి 'ఓహో, ఇనప అన్నం గిన్నె' అన్నాడంట. ఇది మమ్మల్ని తక్కువ చేసినట్టా?
– ఒక రిటైర్డ్ అయ్యవారు, కోవూరు

జవాబు: లేదు అయ్యవారూ, కాస్త కుళ్లుకున్నాడు, అంతే. చైనాలో 'థియే ఫాన్ వాన్' అంటారు. థియే ఇనుము, ఫాన్ అన్నం, వాన్ గిన్నె. కిందపడ్డా పగలని గిన్నె, అంటే ఊడని ఉద్యోగం. మనం స్టీలు కంచాల్లో తింటాం కాబట్టి తట్టదు గానీ, వాళ్లది పింగాణీ గిన్నె, అందుకే మనం 'పొట్ట కొట్టాడు' అనేచోట వాళ్లు 'గిన్నె పగలగొట్టాడు' అంటారు. ఒకప్పుడు అక్కడ సర్కారు ఫ్యాక్టరీలో చేరితే జీతం, ఇల్లు, వైద్యం, చివరికి పెన్షన్ కూడా ఫ్యాక్టరీదే. 1986లో కొత్తగా చేరేవాళ్లకి కాంట్రాక్టు పెట్టారు, 1990ల చివర్లో కోట్లమందిని ఇంటికి పంపేశారు. ఇనప గిన్నే పగిలింది! మీ పెన్షన్ సంగతి విని ఆయన నవ్వాడంటే నవ్వడా మరి.

ఈ ఫాన్ అనే మాట భలే మాటలెండి. వండిన అన్నమూ అదే, భోజనమూ అదే. నూడుల్స్ తిన్నవాణ్ని కూడా 'ఫాన్ తిన్నావా' అనే అడుగుతారు, మనం సంగటి తిన్నవాణ్ని 'అన్నం తిన్నావా' అన్నట్టు. ఇంగ్లీషువాడు బియ్యాన్నీ అన్నాన్నీ ఒకే మాటతో సరిపెట్టేస్తాడు గానీ, వాళ్లకీ మనలాగే బియ్యానికి వేరే మాటుంది, 'మీ'. ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకొచ్చిన జంటని చూసి పెద్దవాళ్లు 'బియ్యం ఉడికి అన్నమైపోయింది, ఇంకేం చేస్తాం' అంటారు. మొలగొలుకుల వడ్లు పండించిన జిల్లావాళ్లకి దీనికి టీకా తాత్పర్యాలెందుకు? పెళ్లాం సంపాదన మీద బతికే మగాడైతే 'మెత్తన్నం' తింటున్నట్టు.

ఒక్కచోటే నాకు పేచీ. పెద్దల మాట చద్దన్నం మూట అని మనం నెత్తిన పెట్టుకుంటే, వాళ్లకి 'చల్లన్నం వేయించడం' అంటే చెప్పిందే చెప్పి విసిగించడం! రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి, పొద్దున్నే మజ్జిగ, ఉప్పు కలిపి, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ తినేవాడికి ఇది మింగుడుపడేదేనా? తప్పంతా ఆ వేయించడంలోనే ఉందని నా అనుమానం. ఆ ఇంజినీరు ఈసారి కోవూరు వైపు వస్తే ఒక ముంత పోసి చూడండి.