పాప ప్లేస్కూల్ ఫీజుకు చీటీ ఎత్తాలా?

ప్రశ్న: మాది తిరుపతి, ఎం.ఆర్.పల్లి. మా ఆయన రేణిగుంటలో ఎలక్ట్రానిక్స్ కంపెనీలో చేస్తారు, జీతం 42,000. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, నాకు 19,000 వస్తుంది. పాపకు జూన్‌లో మూడేళ్లు నిండుతాయి. ఇన్నాళ్లూ మా అత్తమ్మ చూసుకున్నారు. ఆడపడుచు కాన్పు ఉంది, జూన్‌లో పలమనేరు వెళ్లిపోతారు. ఎయిర్ బైపాస్ రోడ్డులో పేరున్న ప్లేస్కూల్లో ఏడాదికి 92,000, అడ్మిషన్ 12,000, వ్యాను నెలకు 1,500 అన్నారు. మూడేళ్ల ఫీజు ఒకేసారి కడితే 15 శాతం తగ్గిస్తారట. మా వీధి చివర చిన్న స్కూల్లో 34,000. అంగన్‌వాడీ చాలదా అని అత్తమ్మ అంటారు. రెండు స్కూళ్లూ పన్నెండున్నరకే వదిలేస్తాయి. సాయంత్రం ఆరు దాకా ఉంచితే పెద్ద స్కూల్లో నెలకు 6,500, ఇక్కడ 4,000 అదనం. ఫీజు కోసం లక్ష రూపాయల చీటీ ఎత్తాలా, 1.4 లక్షల ఎఫ్‌డీ తీయాలా, స్కూలువాళ్లు చెప్పిన ఈఎంఐ పెట్టుకోవాలా? ఇంటి ఖర్చుల వివరాలు జత చేశాను.

జవాబు: చివర్లో ఒక్క ముక్కలో రాసేశారు గానీ, అమ్మా, మీ ప్రశ్నకు మూలం ఆ పన్నెండున్నరే. ఇద్దరూ ఉద్యోగాల్లో ఉంటారు, అత్తగారు ఊళ్లో ఉండరు. మధ్యాహ్నం నుంచి ఆరు దాకా పాప ఎక్కడుంటుంది? ఆ గంటల ఖర్చు కలపకుండా 92 వేలను, 34 వేలను పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క తప్పుతుంది.

పన్నెండు నెలలకు డేకేర్, పది నెలలకు వ్యాను కలిపితే పెద్ద స్కూలు మొదటి ఏడాది 1,97,000 అవుతుంది. అంటే నెలకు దాదాపు 16,400. వీధి చివరి స్కూలు డేకేర్‌తో కలిపి 82,000, నెలకు 6,800 పైచిలుకు. మీ లెక్క ప్రకారం అద్దె 10,500, బైక్ ఈఎంఐ 4,200, చీటీ 5,000, ఆర్‌డీ 6,000, ఇంటి ఖర్చు 27,000 పోగా నెలకు 8,300 మిగులుతోంది. చిన్న స్కూలు ఆ మిగులులోనే సరిపోతుంది. పెద్ద స్కూలుకు ప్రతి నెలా 8,000 పైనే తక్కువ పడుతుంది. చీటీ ఎత్తినా, ఎఫ్‌డీ తీసినా ఏడాది అటూఇటుగానే గడుస్తుంది. ఆపైన ఇంకా రెండేళ్లుంటాయి, ఫీజు కూడా అక్కడే ఆగదు.

ఇలాంటి లెక్క చూడగానే చాలా ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది: ‘నీ జీతమంతా స్కూలుకే పోతుంటే ఉద్యోగం ఎందుకు?’ పాప ఖర్చును తల్లి జీతంలోంచి మాత్రమే తీసేయడం నాకెప్పుడూ అర్థం కాదు. అది ఇద్దరి 61,000 లోంచి పోయే ఖర్చు. మీరు మానేసి పాపను పెద్ద స్కూల్లో డేకేర్ లేకుండా వేస్తే నెలకు 20 వేలకు పైగా లోటు. పైగా మూడేళ్ల తర్వాత మళ్లీ ల్యాబ్‌లో చేరితే ఇదే జీతంతో మొదలుపెట్టాల్సి రావచ్చు. ఆ దారి ఆలోచించకండి.

మూడేళ్ల ఫీజు ఒకేసారి కట్టడం అసలే వద్దు. 2,76,000 మీద 15 శాతం తగ్గినా 2,34,600 ముందే వాళ్ల చేతిలో పెట్టాలి. పాప అక్కడ ఇమడకపోయినా, మీ ఆయన కంపెనీ మారినా ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవడం మాటలు కాదు. ఈఎంఐ సంగతీ అంతే. ఫైనాన్స్ కంపెనీ స్కూలుకు ఏడాది ఫీజు ముందే కట్టేస్తుంది, అప్పు మాత్రం మీ పేరు మీద ఉంటుంది. నడుమ పాపను మాన్పించినా వాయిదా ఆగదు. ఆపితే సిబిల్ దెబ్బతింటుంది.

చీటీలో ఎనిమిది నెలలు కట్టారు, ఇంకా పన్నెండు ఉన్నాయి. పోయిన నెల పాట 18,000కు పోయిందని రాశారు. అంటే ఇప్పుడు ఎత్తితే చేతికి 82,000 వస్తుంది, మిగతా వాయిదాలు ఎలాగూ తప్పవు. ఫీజు కోసం 18,000 వదులుకోవడం ఎందుకు? చివరిదాకా ఉంచండి. ఎఫ్‌డీని కూడా కదిలించొద్దు. మీ ఖర్చుకు అది మూడు నెలలకు కూడా చాలదు, ఉన్న ఆసరా అదొక్కటే.

స్కూలువాళ్లు ‘80సి కింద పన్ను కలిసొస్తుంది’ అన్నారట. ప్లేస్కూల్ ట్యూషన్ ఫీజుకు ఆ మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ పాత పన్ను విధానంలోనే. మీ ఆయన జీతం ఏడాదికి 5,04,000. అందులో స్టాండర్డ్ డిడక్షన్ పోతే ఏ విధానంలోనైనా రిబేటుతో పన్ను సున్నాయే. లేని పన్నులో కలిసొచ్చేది ఏముంది?

అత్తగారి మాటను తీసిపారేయకండి. అంగన్‌వాడీలో ప్రీస్కూల్ మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకోసమే ఉంది. ఫీజు లేదు, భోజనం పెడతారు. జాతీయ విద్యా విధానం 2020 కూడా ఒకటో తరగతికి ముందు మూడేళ్ల చదువు ప్రీస్కూల్ లేదా అంగన్‌వాడీలో ఆటపాటలతో సాగాలనే చెప్పింది. అంగన్‌వాడీ నుంచి పాపను తెచ్చి ఆరు దాకా చూసుకునే నమ్మకమైన మనిషి పక్కింట్లో ఉంటే మీ ఖర్చు ఇంకా తగ్గుతుంది. అలాంటి మనిషి లేకపోతే నా ఓటు వీధి చివరి స్కూలుకే.

చేర్చేముందు మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చెప్పకుండా వెళ్లి చూడండి. పొద్దున పది గంటలకు ఏ స్కూలైనా బాగానే కనిపిస్తుంది. పిల్లలు ఎక్కడ పడుకుంటున్నారో, బాత్రూమ్‌కు ఎవరు తీసుకెళ్తున్నారో, పెద్దవాళ్లు ఎంతమంది ఉన్నారో గమనించండి. ప్లేస్కూళ్లకు జాతీయ బాలల హక్కుల కమిషన్ పెట్టిన మార్గదర్శకం 20 మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా. ఫీజు టర్ములవారీగా కట్టి రసీదు తీసుకోండి. నడుమ మానేస్తే ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాయించుకోండి.

ఇంకొకటి. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు ఒకటో తరగతి నుంచే, నర్సరీకి రాదు. దాన్ని ఈ లెక్కలో వేసుకోకండి. ఆర్‌డీని 4,000కు తగ్గించి, ఆ 2,000తో పాప పేరున పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. ఇప్పటి 8.2 శాతం వడ్డీయే కొనసాగితే, 15 ఏళ్లు కట్టినందుకు ఖాతా తెరిచిన 21 ఏళ్లకు సుమారు 11 లక్షలవుతుంది.

డేకేర్‌కు పంపడం మాత్రం మేలోనే మొదలుపెట్టండి, మొదట్లో రోజుకు రెండు గంటలు చాలు. పాప ఏడుస్తోందని ఫోనొస్తే వెళ్లి తీసుకురావడానికి అప్పటికింకా అత్తగారు ఇంట్లోనే ఉంటారు.