యూరో జీతం చేతికి రాకముందే రూపాయల్లో అప్పా?

ప్రశ్న: నాకు 32 ఏళ్లు, నా భార్యకు 29. ప్రస్తుతం హైదరాబాద్‌లో ఉంటున్నాం. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఏడాదికి 62,000 యూరోల ఉద్యోగం వచ్చింది. నవంబరు మొదటి వారంలో చేరాలి. భార్య ఇక్కడి ఉద్యోగం మానేసి నాతోపాటే వస్తోంది. డిసెంబరు 24 నుంచి పది రోజులు సెలవు పెట్టి నూరెంబర్గ్, స్ట్రాస్‌బర్గ్, కోల్మార్, సాల్జ్‌బర్గ్, వియన్నా, ప్రాగ్‌లలో క్రిస్మస్ మార్కెట్లు చూడాలన్నది మా కోరిక. ఈ యాత్రకు 4 లక్షలు, అక్కడ ఇంటికి మరో 4 లక్షలు అవుతుందని అంచనా. బ్యాంకు 14 శాతం వడ్డీకి 8 లక్షల ప్రీ అప్రూవ్డ్ లోన్ ఇస్తానంటోంది. రాజీనామా చేశాక అప్పు పుట్టదు కాబట్టి ఇప్పుడే తీసుకోమని, యూరోల్లో ఆరు నెలల్లో తీర్చేయవచ్చని స్నేహితులు చెబుతున్నారు. పొదుపు ఖాతాలో 3.4 లక్షలు, ఎఫ్‌డీ 2.5 లక్షలు, ఈక్విటీ ఫండ్లలో 6 లక్షలు ఉన్నాయి. ఫండ్లలో 1.2 లక్షలు లాభం. కారు ఈఎంఐ 9,800. ఖమ్మంలో ఉన్న అమ్మానాన్నలకు మా కంపెనీ ఆరోగ్య బీమా ఉంది. లోన్ తీసుకోవాలా, ఫండ్లు అమ్మాలా? ఒక చీటీ కూడా ఉంది, పాడుకోమంటారా?

జవాబు: లోన్ వద్దు. విదేశాలకు వెళ్లే ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే సలహా తిరుగుతోంది, అందుకే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను. మానేయబోతున్న ఉద్యోగం జీతం స్లిప్పు చూపించి, ఇంకా చేరని ఉద్యోగం జీతంతో తీరుస్తామనుకుని అయిదేళ్ల అప్పు తీసుకోవడం తెలివి అనిపించుకోదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇలాంటి చోటే పుట్టి ఉంటుంది.

8 లక్షలకు 14 శాతం వడ్డీతో అయిదేళ్లకు ఈఎంఐ దాదాపు 18,600 పడుతుంది. గడువు దాకా కడితే వడ్డీయే 3.17 లక్షలు. కారుది కలిపితే నెలకు 28,400. యూరో వంద రూపాయలనుకున్నా (నిజానికి అంతకంటే ఎక్కువే) 284 యూరోలు. ‘ఇంతేనా’ అని మీ స్నేహితులు అంటారు. జీతం ఆగకుండా వస్తే ఇంతే, నిజమే.

ఆగితే ఏమవుతుందో చూడండి. జర్మనీలో కొత్త ఉద్యోగానికి సాధారణంగా ఆరు నెలల ప్రొబేషన్ ఉంటుంది. ఆ సమయంలో రెండు వారాల నోటీసుతో మిమ్మల్ని పంపించేయవచ్చు. అక్కడి నిరుద్యోగ భృతి రావాలంటే గడిచిన 30 నెలల్లో కనీసం 12 నెలలు బీమా చందా కట్టి ఉండాలి. మీకు అది ఉండదు. వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. బ్లూ కార్డ్ (నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) మీద వెళ్లినా, మొదటి రెండేళ్లలో ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి మామూలుగా ఇచ్చేది మూడు నెలలే. ఆ మూడు నెలలూ అద్దె ఆగదు, ఈఎంఐ ఆగదు, మీ భార్యకు అప్పటికి ఉద్యోగం ఉండదు. మీరు ఫోన్ ఎత్తకపోతే బ్యాంకు వాళ్లు వెళ్లేది ఖమ్మం ఇంటికి. ఆరు నెలల్లో తీర్చేయవచ్చన్న స్నేహితులు ఆ ఆరు నెలలే ప్రొబేషన్ అని చెప్పారా?

ఇల్లు కుదిరేసరికి ఎంత పోతుందో కూడా మీ అంచనాలో సరిగా లేదు. అక్కడ ఇంటి యజమాని మూడు నెలల జీతం స్లిప్పులు, అప్పుల చరిత్ర చెప్పే ‘షూఫా’ నివేదిక అడుగుతాడు. కొత్తగా దిగినవాళ్ల దగ్గర రెండూ ఉండవు. అందుకని మొదటి రెండు మూడు నెలలు సామానుతో ఉన్న ఖరీదైన తాత్కాలిక ఇంట్లోనే గడుస్తుంది. తర్వాత ఇల్లు దొరికితే హీటింగ్ ఖర్చులు కలపని అద్దెకు మూడు రెట్లు దాకా అడ్వాన్సు. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు చట్టం ఇచ్చింది, ఈ మాట చాలామందికి ఎవరూ చెప్పరు. ఇక వంటగది. చాలా ఇళ్లకు స్టవ్వు, సింకు, అల్మరాలు ఏమీ ఉండవు, గోడలే ఉంటాయి. కొనుక్కుని బిగించుకోవాలి. పన్ను గుర్తింపు సంఖ్య సమయానికి అందకపోతే మొదటి జీతంలో ఆరో పన్ను శ్రేణి (టాక్స్ క్లాస్ 6) కింద ఎక్కువ పన్ను కోసే ప్రమాదం ఉంది. తర్వాత తిరిగి వస్తుంది కానీ, చేతిలో డబ్బు కావాల్సింది ఆ నెలలోనే కదా. కంపెనీ ఇచ్చే తరలింపు ఖర్చులు ఎప్పుడు వస్తాయో, మధ్యలో మానేస్తే వెనక్కి కట్టాలో లేదో ఆఫర్ లెటర్‌లో ఉంటుంది. ఆ పేజీ చదవండి.

కాబట్టి మీకు కావాల్సింది అత్యవసర నిధి. అదీ రెండు దేశాల్లో, రెండు కరెన్సీల్లో. విమానం దిగే రోజుకు మీ సొంత డబ్బు కనీసం 6,500 యూరోలు ఉండాలి. ఇద్దరికీ పొదుపుగా గడిపితే మూడు నెలలు వస్తుంది. అప్పు తెచ్చిన 6,500 యూరోలు అత్యవసర నిధి కాదు. అవసరం వచ్చిన రోజున అది కూడా ఒక బాకీయే. ఇది ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు.

డబ్బు మీ దగ్గరే ఉంది. పొదుపు ఖాతా, ఎఫ్‌డీ కలిపి 5.9 లక్షలు. ఈక్విటీ ఫండ్లలో 3 లక్షలు అమ్మండి. ఏడాది దాటిన యూనిట్లయితే సంవత్సరానికి 1.25 లక్షల దాకా లాభంపై పన్ను లేదు, మీ లాభం మొత్తం కలిపినా అంత లేదు. దాంతో 8.9 లక్షలు. అందులో 6,500 యూరోలకు సరిపడా మీతో వెళ్తుంది, వంద లెక్కన 6.5 లక్షలు, రేటు ఎక్కువుంటే ఆ మేరకు ఎక్కువ. పది లక్షల లోపే పంపుతున్నారు కాబట్టి టీసీఎస్ (విదేశాలకు పంపే డబ్బుపై బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) గొడవ లేదు. మిగిలింది ఇక్కడ అమ్మానాన్నల పేరున, వాళ్లు తీసుకోగలిగేలా ఉంచండి. కారు అమ్మి ఆ లోన్ మూసేయండి, స్టుట్‌గార్ట్‌లో ఉండి హైదరాబాద్ పార్కింగులోని కారుకు ఈఎంఐ కట్టడంలో అర్థం లేదు. చీటీ ఇప్పుడు పాడుకుంటే వేలంలో ఎంత వదులుకోవాల్సి వస్తుందో చూసుకోండి, నెలనెలా కట్టి చివర్లో ఎత్తుకోవడమే మేలు. అక్కడ ఆరు నెలల ఖర్చుకు సరిపడా, అంటే 13,000 యూరోలు పోగయ్యేదాకా కొత్త సిప్‌లు (ఫండ్లలో నెలనెలా పెట్టే పెట్టుబడులు) ఆపండి.

ఇక క్రిస్మస్. వద్దనడం లేదు. కానీ మీ తేదీలు చూసి నవ్వొచ్చింది. జర్మనీలో ఈ మార్కెట్లు నవంబరు చివర్లో మొదలై చాలావరకు 23, 24 తేదీలకే మూసేస్తారు. నూరెంబర్గ్‌ది 24తో అయిపోతుంది. మీరు ఆ సాయంత్రం రైలు దిగేసరికి గుడారాలు విప్పుతుంటారు. 25, 26 సెలవులు, దుకాణాలు కూడా ఉండవు. ప్రాగ్‌లో జనవరి మొదటి వారం దాకా నడుస్తుంది, కోల్మార్, సాల్జ్‌బర్గ్, వియన్నాల్లోనూ కొన్ని క్రిస్మస్ తర్వాత కూడా ఉంటాయి. అయినా 4 లక్షల అప్పు చేసి కొన్నిచోట్ల ఖాళీ చౌకులు చూడటమా! పైగా చట్టప్రకారం పూర్తి వార్షిక సెలవు హక్కు ఆరు నెలల తర్వాతే. అప్పటిదాకా నెలకు పన్నెండో వంతు లెక్కనే జమవుతుంది. చేరిన రెండో నెలలో పది రోజులు అడగడం కంపెనీకీ బాగుండదు.

మీరు దిగుతున్నదే ఈ మార్కెట్ల నడిబొడ్డున. స్టుట్‌గార్ట్‌లో పాత కోట చుట్టూ పెద్ద మార్కెట్ ఉంటుంది. ఎస్లింగెన్‌లో మధ్యయుగపు వేషాలతో, లుడ్విగ్స్‌బర్గ్‌లో బరోక్ దీపాలతో పెడతారు. రెండింటికీ లోకల్ రైలు చాలు. డాయిష్‌లాండ్ టికెట్ 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. ఇద్దరికీ 126. దాంతో ప్రాంతీయ రైళ్లలో దేశమంతా తిరగొచ్చు, వేగంగా వెళ్లే ఐసీఈలు మాత్రం ఎక్కకూడదు. నూరెంబర్గ్‌కు రెండున్నర గంటల పైనే పడుతుంది, పొద్దున్నే బయల్దేరితే రాత్రికి ఇంట్లో ఉంటారు. స్ట్రాస్‌బర్గ్‌లో ఈ మార్కెట్ 1570 నుంచి ఉంది. కేల్ దాకా రైల్లో వెళ్లి, అక్కడ ట్రామ్ ఎక్కి రైన్ నది దాటితే అదే. డిసెంబరు శనివారాలు వాడుకోండి. వేడి వైన్ కప్పుకు డిపాజిట్ తీసుకుంటారు, కప్పు తిరిగిస్తే ఆ డబ్బు ఇచ్చేస్తారు (దాచుకోవాలనిపిస్తే ఒకటి చాలు). ఇదంతా కలిపి 500 యూరోల్లో, జీతంలోంచే అయిపోతుంది. వియన్నా, ప్రాగ్, సాల్జ్‌బర్గ్ వచ్చే ఏడాదికి ఉంచండి, ప్రొబేషన్ కూడా అయిపోయి ఉంటుంది. సరిహద్దు దాటేముందు ఏడాదికి సరిపడే ట్రావెల్ హెల్త్ పాలసీ తీసుకోండి. అక్కడి ఆరోగ్య బీమా కార్డు యూరప్‌లో పనిచేసినా, జబ్బుపడ్డవారిని జర్మనీకి చేర్చే ఖర్చు ఇవ్వదు.

మీ ప్రశ్నలో లేనిదీ, నన్ను ఎక్కువ కలవరపెడుతున్నదీ అమ్మానాన్నల బీమా. మీ ఆఖరి పనిదినంతో వాళ్ల కవరేజీ కూడా పోతుంది. కొత్త పాలసీ తీసుకుంటే ఇప్పటికే ఉన్న షుగరు, బీపీలాంటి వాటికి మూడేళ్ల దాకా నిరీక్షణ కాలం పెట్టవచ్చు. అదే గ్రూప్ పాలసీ ఇచ్చిన బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారితే ఇన్నాళ్లూ గడిచిన కాలం లెక్కలోకి వస్తుంది. ఆమోదించడం, ప్రీమియం ఎంతన్నది వాళ్ల నిర్ణయం. అందుకే రిలీవ్ అయ్యాక కాదు, నోటీసు కాలంలోనే మీ హెచ్‌ఆర్‌ను అడిగి దరఖాస్తు పెట్టండి. తిరస్కరిస్తే వేరే కంపెనీలో ప్రయత్నించడానికి నెల రోజులైనా చేతిలో ఉండాలి.