డ్రమ్మర్ రాకపోతే ఏంట్రా

చిన్నా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. డ్రమ్మర్ హ్యాండ్ ఇచ్చాడు, స్టూడియో ఒక్కరోజుకే దొరికింది, ట్రంపెట్, గిటార్, బాస్ మూడింటితో ఆల్బమ్ ఎలా చేస్తాం బాబాయ్ అని ఒకటే గోల. ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టి అమెరికా జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు చెట్ బేకర్ ఆల్బమ్ 'ద టచ్ ఆఫ్ యువర్ లిప్స్' విను. ఫోన్ స్పీకర్లో వద్దు, హెడ్‌ఫోన్స్ పెట్టుకో, బాస్ వినపడకపోతే అందులో సగం పోయినట్టే.

1979 జూన్‌లో కోపెన్‌హాగెన్‌లో రికార్డు చేశారు. అచ్చం మీ సెట్టే. గిటార్ డగ్ రేనీ, అప్పటికి 22 ఏళ్ల కుర్రాడు. బాస్ డెన్మార్క్ ఘనుడు నీల్స్-హెన్నింగ్ ఓర్‌స్టెడ్ పెడర్సన్. డ్రమ్స్ లేవు, పియానో లేదు. తాళం ఎవరు పట్టుకున్నారో చెవి పెట్టి చూడు. పెడర్సన్ వేళ్లు నడుస్తుంటే ఇంకో కొట్టుడు కావాలనే అనిపించదు, కాబట్టి మీ బాస్ వాడికి మంచి మైకు పెట్టించు, నీ మైకు తర్వాత చూసుకోవచ్చు.

బేకర్‌కి అప్పుడు 49, నోట్లో కట్టుడు పళ్లు. పెళ్లి బ్యాండులో ముప్పై ఏళ్లు ఊదినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, ముందు పన్ను ఒక్కటి కదిలితేనే నాకు పై స్వరాలు గాలికి పోయాయి, ఊరేగింపులో క్లారినెట్ వాడి వెనక దాక్కుని నెట్టుకొచ్చాను. ఆయన పళ్లు పోయాక ఊదడం దాదాపు మొదటినుంచీ నేర్చుకున్నాడు. (డ్రగ్స్‌తో చేసుకున్న నాశనం వేరే సంగతి, అది మాత్రం నేర్చుకోకు.) అసలు కుర్రతనంలో కూడా పై స్వరాల కోసం ఎగబడే రకం కాదు. ఒక ముక్క అంటాడు, ఆగుతాడు, ఊపిరి తీస్తాడు, మళ్లీ అంటాడు, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు.

నీ జబ్బు అదే, ఖాళీ కనబడితే చాలు పూరించేస్తావు. డ్రమ్స్ లేవని ఇంకా ఎక్కువ ఊదావనుకో, మధ్యాహ్నానికి పెదవి వాచిపోతుంది. నిదానం పాటలు పొద్దున్నే కానిచ్చెయ్. ముగ్గురూ ఒకే గదిలో, ఒకరి మొహం ఒకరికి కనబడేలా కూర్చోండి, రెండు టేకులు దాటితే ఆ పాట వదిలేసి టీ తాగండి.

గిటార్ అబ్బాయికి కూడా చెప్పు, నువ్వు ఆగిన ప్రతిచోటా వాడు దూరిపోనక్కర్లేదని. ట్రంపెట్ మీటలకి వేసే వాల్వ్ ఆయిల్ ఇంట్లో మర్చిపోకు, పోయినసారి నాది పట్టుకెళ్లి ఇంకా తేలేదు నువ్వు.

బాబాయ్