కాలేజీ ఫీల్డ్ హాకీ కాన్ఫరెన్స్ ఛాంపియన్‌షిప్ నిర్వహణ: హాకీ తెలియనివాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: అమెరికాలో ఎమ్మెస్ చేస్తూ కాలేజీ అథ్లెటిక్స్ ఆఫీసులో పనిచేస్తున్నారు. మీ కాలేజీ అమ్మాయిల హాకీ జట్టు టాప్ సీడ్ అయితే, అంటే లీగ్ మ్యాచుల్లో మొదటి స్థానంలో నిలిస్తే, నవంబరులో కాన్ఫరెన్స్ (తమలో తాము లీగ్ ఆడుకునే కాలేజీల బృందం) ఛాంపియన్‌షిప్ మీ గ్రౌండులోనే జరుగుతుంది. ఆ ఏర్పాట్లు మీ చేతిలో పెట్టారు. మీకేమో హాకీ తెలియదు.

నేను పెన్సిల్వేనియాలో ఒక చిన్న డివిజన్ త్రీ (కాలేజీ ఆటల్లో మూడో శ్రేణి) కాలేజీలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా రెండు సీజన్లు ఇదే పని చేశాను. వెళ్ళేనాటికి నాకూ క్రికెట్ తప్ప ఏమీ తెలియదు. ఆట తెలియదని టెన్షన్ పడకండి. ఆట తెలిసినవాళ్ళు మీ చుట్టూ బోలెడుమంది ఉంటారు: కోచ్, అంపైర్లు, కాన్ఫరెన్స్ ఆఫీసువాళ్ళు. అయితే నీళ్ళు ఎవరు వదలాలి, లైట్లు ఎవరు వెయ్యాలి, గడియారం ఎవరు ఆపాలి అనేవి మాత్రం ఎవరికివారు ఇంకొకరు చూసుకుంటారని వదిలేస్తారు. మీరు పట్టుకోవాల్సింది ఆ మూడే.

ముందు తేదీల సంగతి. చిన్న కాన్ఫరెన్సుల్లో మామూలుగా మొదటి నాలుగు జట్లో ఆరు జట్లో టోర్నమెంటుకి వస్తాయి. మాకు నాలుగు. బుధవారం సెమీఫైనల్స్, వారాంతంలో ఫైనల్. చిక్కేమిటంటే టాప్ సీడ్ ఎవరో లీగ్ మ్యాచుల చివరి శనివారం సాయంత్రానికి గానీ తేలదు. అక్కణ్ణుంచి బుధవారానికి మిగిలేది మూడు రోజులు. అందుకని టోర్నమెంటు మనకే వస్తుందన్నట్టు అక్టోబరు మొదటివారంలోనే పని మొదలుపెట్టండి. రాకపోతే పోయేదేమీ లేదు. గెలిచిన జట్టుకి ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) జాతీయ టోర్నమెంటులో నేరుగా చోటు దొరుకుతుంది, చాలా జట్లకి అక్కడికి వెళ్ళడానికి అదొక్కటే దారి. ఆ అమ్మాయిలు ఆగస్టు ఎండల్లో మొదలుపెట్టి ఇక్కడిదాకా వచ్చారు. మన ఏర్పాటులో లోపం వల్ల వాళ్ళ ఆట చెడకూడదు.

ఇక నీళ్ళు. హాకీ టర్ఫ్‌ని, అంటే కృత్రిమ గడ్డి మైదానాన్ని, తడిపి ఆడతారు. తడిగా ఉంటే బంతి నేలకి అంటుకుని సాఫీగా జారుతుంది. ఎండితే ఎగురుతుంది, బూటు పట్టేసి మడమలు మెలితిరుగుతాయి. మ్యాచ్‌కి ముందు తడపాలి, మధ్యలో మళ్ళీ తడపాల్సి వస్తే ఎప్పుడు, ఎంతసేపు అన్నది కాన్ఫరెన్స్ వాళ్ళతో ముందే మాట్లాడుకోవాలి. మొదటి సెమీఫైనల్‌కి ఎన్ని నిమిషాలు తడిపితే రెండోదానికీ అన్ని నిమిషాలే. ఈ విషయంలో కోచ్‌లు చాలా పట్టుదలగా ఉంటారు, వాళ్ళు అలా ఉండటం న్యాయమే.

మొదటి ఏడాది మంగళవారం సాయంత్రం నేను వాటర్ కెనాన్ (గ్రౌండు మీదకి నీళ్ళు చిమ్మే యంత్రం) స్విచ్ వేసి చూస్తే చుక్క రాలేదు. చలికి పైపులు పగలకుండా గ్రౌండ్స్ క్రూ అంతకు ముందువారమే నీళ్ళన్నీ ఖాళీ చేసి లైను మూసేశారు. అక్కడ ప్రతి ఏడాదీ చలికాలం ముందు చేసే పనే అది, వాళ్ళ తప్పేమీ లేదు. టోర్నమెంటు ఉందని వాళ్ళకి ముందే చెప్పాల్సింది నేను, చెప్పలేదు. బుధవారం తెల్లవారుజామున ఆరింటికి క్రూ పెద్దాయన వచ్చాడు. కంచె పక్కన పచ్చటి మూత తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, మోచేతి దాకా చెయ్యి లోపలపెట్టి వాల్వ్ కొంచెం కొంచెంగా తిప్పాడు. ఒక్కసారిగా తిప్పితే గాలి ఒత్తిడికి జాయింట్లు ఊడిపోతాయట. కెనాన్ ముందు దగ్గింది, గాలి వదిలింది, తుప్పురంగు నీళ్ళు కక్కింది. పావుగంట తర్వాత తెల్లటి ధార గ్రౌండు సగందాకా లేచింది. తడిసిన గ్లవ్స్ పిండుకుంటూ ఆయన ఒక్క మాటే అన్నాడు: "వచ్చే ఏడాది తేదీ రాసి నా బల్ల మీద పెట్టు." రెండో ఏడాది అక్టోబరు ఒకటినే పెట్టాను. మీరూ పెట్టండి. రాత్రి ఉష్ణోగ్రత సున్నాకి దిగేలా ఉంటే తడపాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం మీరు తీసుకోకండి. తడిపిన నీళ్ళు గడ్డకట్టే ప్రమాదం ఉంది, అంపైర్లనీ గ్రౌండ్స్ వాళ్ళనీ అడగండి.

వెలుతురు. 2007 నుంచి అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున గడియారాలు గంట వెనక్కి జరుగుతున్నాయి. కాన్ఫరెన్స్ ఫైనల్స్ సరిగ్గా ఆ రోజుల్లోనే పడతాయి. శనివారం ఆరు దాకా ఉన్న వెలుతురు ఆదివారం ఐదుకే పోతుంది. ఇప్పుడు లెక్క వెయ్యండి. పదిహేనేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు, విరామాలు, ఆగిన సమయం కలిపి గంటా నలభై నిమిషాలు అనుకోండి. సమానమైతే పదేసి నిమిషాల ఓవర్‌టైమ్ రెండుసార్లు. గోల్‌కీపర్‌తో కలిపి ఒక్కో జట్టుకి ఏడుగురే ఆడతారు, మొదటి గోల్ కొట్టినవాళ్ళదే గెలుపు. అప్పటికీ తేలకపోతే షూటౌట్, అంటే ఒక్కొక్కరుగా వచ్చి గోల్‌కీపర్ ఒక్కతినే దాటి గోల్ కొట్టాలి. రెండున్నరకి మొదలుపెట్టిన మా రెండో ఏడాది ఫైనల్ షూటౌట్ దాకా వెళ్ళింది. లైట్ల పెట్టెకి తాళం, తాళంచెవేమో ఆదివారం సెలవులో ఉన్న మనిషి దగ్గర. ఓవర్‌టైమ్ మొదలవగానే ఆయనకి ఫోన్ చేస్తే అదృష్టవశాత్తూ దగ్గర్లోనే ఉండి వచ్చాడు. పాత రకం మెటల్ హాలైడ్ లైట్లు స్విచ్ వేయగానే పూర్తిగా వెలగవు, పది పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాలు నేను ఆట చూడలేదు, దీపాలే చూస్తూ నిలబడ్డాను. ఫైనల్ ఒంటిగంటకే పెట్టించండి. ఎలాగైనా లైట్లు ముందే వేయించండి, తాళంచెవి మీ జేబులో ఉండాలి.

గడియారం దగ్గర కూర్చునే మనిషికి హాకీ తెలిసుండాలి. అంపైర్ చేతి సైగ చూసి ఆపాలి, మళ్ళీ సైగ చూసి వదలాలి. ఫుట్‌బాల్ స్కోర్‌బోర్డు నడిపే కుర్రాణ్ణి ఖాళీగా ఉన్నాడని తెచ్చి కూర్చోబెట్టకండి. షూటౌట్‌లో ఒక్కో అమ్మాయికి ఎనిమిది సెకన్లే. స్కోర్‌బోర్డుని ప్రతిసారీ ఎనిమిదికి తిప్పడం కుదురుతుందో లేదో ముందురోజు ప్రయత్నించి చూడండి. కుదరకపోయినా పని ఆగకుండా బల్ల మీద రెండు స్టాప్‌వాచ్‌లు, ఒక చేతి హారన్ ఉంచండి.

మిగతావి మీ ఆఫీసుకి అలవాటైనవే: బస్సుల పార్కింగ్, లాకర్ రూములు, ఐసు, దెబ్బలు తగిలితే చూసే అథ్లెటిక్ ట్రైనర్, బంతులు అందించే పిల్లలు, లైవ్ స్ట్రీమ్. నెట్లకి చిల్లులున్నాయేమో మాత్రం చేత్తో తడిమి చూడండి. ఇంకొకటి, బయట ఎవరికి ఫోన్ చేసినా ఫీల్డ్ హాకీ అని పూర్తిగా చెప్పండి. అక్కడ ఉత్త హాకీ అంటే ఐస్ హాకీయే. మాకు పోస్టరు మీద స్కేట్లు వేసుకున్న బొమ్మ వచ్చింది, మళ్ళీ ప్రింట్ చేయించాం.

మీరు ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉంటే ఇది జాగ్రత్తగా చదవండి. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్ ఉద్యోగం వారానికి 20 గంటలు దాటకూడదు. టోర్నమెంటు వారంలో గురువారానికే ఆ గంటలు అయిపోతాయి. షెడ్యూలు వేసేటప్పుడే మీ గంటలు లెక్కగట్టి, మిగిలిన షిఫ్టులకి ఇంకొకరిని అడగండి. ఆ పైన ఉచితంగా చేస్తానని మొహమాటంతో ఒప్పుకోకండి, జీతం వచ్చే పనిని అలా చేసినా ఇబ్బందే రావచ్చు. అనుమానముంటే ఇంటర్నేషనల్ ఆఫీసుని అడగండి.

కంచె పక్కన ఒక ఇరవై కుర్చీలు వేయించండి. 1901లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన కాన్‌స్టన్స్ ఆపిల్‌బీ అమెరికా మహిళా కాలేజీలకి ఈ ఆట పరిచయం చేసింది, తర్వాత ఫిలడెల్ఫియా పక్కనున్న బ్రిన్ మార్ కాలేజీలో ఏళ్ళ తరబడి నేర్పింది. కాలేజీ ఆటల్లో ఆడపిల్లలకి సమాన అవకాశాలకి దారితీసిన టైటిల్ నైన్ చట్టం 1972లో గానీ రాలేదు. అంతకుముందే ఆడిన పెద్దావిడలు ఫైనల్‌కి దుప్పట్లు కప్పుకుని వస్తారు. వాళ్ళని రెండు గంటలు నిలబెట్టకూడదు.

ట్రోఫీ ఇచ్చేశాక అందరూ గెలిచినవాళ్ళ చుట్టూ చేరతారు. ఓడిన జట్టులో నాలుగో ఏడాది అమ్మాయిలకి చాలామందికి అదే చివరి మ్యాచ్. మా ఫైనల్ అయ్యాక అవతలి జట్టు గోల్‌కీపర్ ప్యాడ్లు విప్పకుండా గోల్‌లోనే కూర్చుండిపోయింది. పక్కన ఇద్దరు స్నేహితురాళ్ళు కూర్చున్నారు. నెట్లు విప్పడానికి వచ్చిన గ్రౌండ్స్ క్రూ పెద్దాయన వాళ్ళని చూసి నిచ్చెన కింద పెట్టేసి, అవతలి గోల్ వైపు నడిచాడు. వాళ్ళు లేచి బస్సెక్కేదాకా లైట్లు ఆర్పలేదు.