గురక మధ్యలో ఊపిరి ఆగితే?

ప్రశ్న: డాక్టరుగారూ, మాది పలాస. మా ఆయన జీడిపప్పు లోడు వ్యాను నడుపుతారు, వయసు 46. రాత్రి గురక పెడుతూ పెడుతూ ఒక్కసారిగా ఆగిపోతారు, నేను భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేలోపు ఉలిక్కిపడి మళ్లీ మొదలు. పగలేమో స్టీరింగ్ దగ్గరే కునికిపాట్లు. మా అత్తగారు "గురకంటే మంచి నిద్రేనే" అంటారు. నిజమేనా?

జవాబు: మీ అత్తగారి మాట పక్కన పెట్టండమ్మా. ఇది స్లీప్ ఆప్నియాలా ఉంది. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది, 10 సెకన్లో ఇంకా ఎక్కువో ఊపిరి ఆగుతుంది, ఆక్సిజన్ తగ్గేసరికి మెదడు తట్టి లేపుతుంది, ఇలా రాత్రంతా. గంటకి 5 సార్లు, ఆపైన అయితే పట్టించుకోవాల్సిందే. పొద్దున ఆయనకి ఏదీ గుర్తుండదు కాబట్టి సాక్షి మీరే, ఆ గురకని ఫోన్లో రికార్డు చేసి ఈఎన్‌టీ డాక్టరుకో ఊపిరితిత్తుల డాక్టరుకో వినిపించండి. స్లీప్ స్టడీ రాస్తారు, అంటే నిద్రలో ఊపిరి, ఆక్సిజన్ ఎలా ఉన్నాయో చూసే పరీక్ష. బీపీ కూడా చూపించండి. అవసరమైతే సీపాప్ మిషన్ ఇస్తారు, అది మాస్కులోంచి గాలి ఊదుతూ గొంతు దారి మూసుకుపోకుండా చూస్తుంది. మాస్కు పెట్టుకుని పడుకోవడం మొదట్లో చికాకే, చాలామంది అక్కడే వదిలేస్తారు, వదలనివ్వకండి. ఈలోగా పక్కకి తిరిగి పడుకోమనండి, బరువుంటే తగ్గాలి. మద్యం అలవాటుంటే మానాలి, సొంతంగా నిద్రమాత్రలు అసలొద్దు, గొంతు ఇంకా వదులైపోతుంది. పరీక్ష తేలేదాకా హైవే మీద లోడు ఒప్పుకోవద్దు, కిరాయి పోతే పోనీ.