జాంగో కొత్త వెర్షన్‌కి మారబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

ఆశీస్సులు. మీ సైటు కట్టిన పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోని 6.0 కి మార్చేద్దామని మీ సారు అంటున్నారని, ఆ పనంతా నీ మీదే పడిందని మీ అమ్మ చెప్పింది. టెన్షన్‌తో సరిగ్గా నిద్ర కూడా పోవట్లేదట కదా. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను. పక్కన పెట్టుకుని నిదానంగా చదువుకో.

అసలు మాట ముందే చెప్పేస్తాను. మీ క్లినిక్ అపాయింట్‌మెంట్ల సైటును ఇప్పుడు 6.0 మీదికి తీసుకెళ్లొద్దు, 5.2 మీదికి తీసుకెళ్లు. మీ సారు ఎందుకని అడుగుతారు కాబట్టి కారణం నీకు బాగా తెలిసి ఉండాలి.

జాంగోలో దాదాపు ఎనిమిది నెలలకొకసారి కొత్త వెర్షన్ వస్తుంది. పాయింట్ సున్నా, పాయింట్ ఒకటి, పాయింట్ రెండు, ఆ తర్వాత పెద్ద అంకె మారుతుంది. ఈ మూడింట్లో పాయింట్ రెండుకు మాత్రం మూడేళ్లపాటు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తారు. దాన్నే ఎల్‌టీఎస్ అంటారు. మీ సైటు నడుస్తున్న 4.2 అలాంటిదే. అది 2023 ఏప్రిల్‌లో వచ్చింది, దాని గడువు 2026 ఏప్రిల్‌తో సరి. 5.2 వచ్చింది 2025 ఏప్రిల్‌లో, 2028 ఏప్రిల్ దాకా ప్యాచ్‌లు ఉంటాయి. 6.0 ఏమో 2025 డిసెంబర్‌లో వచ్చింది, దానికి 2027 ఏప్రిల్ వరకే. తర్వాత వచ్చినదానికే ముందు గడువు తీరిపోతుందన్నమాట. ఇద్దరు ముగ్గురు ఉన్న టీమ్ ఏటా ఈ పని నెత్తిన పెట్టుకోలేదు. మీలాంటివాళ్లు ఎల్‌టీఎస్ నుంచి ఎల్‌టీఎస్‌కి వెళ్లడమే మంచిది. తర్వాతి ఎల్‌టీఎస్ అయిన 6.2 ని 2027 ఏప్రిల్‌కి అనుకుంటున్నారు. అప్పటికి 5.2 కి ఇంకా ఏడాది గడువు మిగిలే ఉంటుంది, హడావుడి లేకుండా మారొచ్చు.

జాంగో నడిచేది పైథాన్ భాష మీద కాబట్టి దాని సంగతి కూడా చూసుకో. 6.0 కి కనీసం పైథాన్ 3.12 కావాలి, 5.2 కి 3.10 చాలు. మీ సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 22.04 అయితే దానితో వచ్చేది 3.10. అంటే 6.0 అనగానే సర్వర్‌ని కూడా కదపాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే, ఏదైనా చెడినప్పుడు దేనివల్ల చెడిందో తేల్చుకోవడానికే ప్రాణం పోతుంది.

ఇక పని ఎలా చేయాలో చెబుతాను. వెర్షన్ మారినప్పుడు వచ్చే తప్పులు రెండు రకాలు. కొన్ని అరుస్తాయి, కొన్ని నోరు మెదపవు. అరిచేవాటికి భయపడకు.

అరిచేదానికి ఒక ఉదాహరణ చెబుతాను. మీ సైట్లో పైన మూల లాగౌట్ అని ఒక లింకు ఉంటుంది కదా. మామూలు లింకు నొక్కితే బ్రౌజర్ గెట్ పద్ధతిలో, అంటే పేజీ చూపించమని, అడుగుతుంది. జాంగో సొంత లాగౌట్ వ్యూ (లాగౌట్ పని చూసే కోడు) 5.0 నుంచి గెట్‌ను ఒప్పుకోదు, ఫారాలు పంపే పోస్ట్ పద్ధతి కావాలంటుంది. వెర్షన్ మార్చాక ఆ లింకు నొక్కగానే 405 ఎర్రర్ కనిపిస్తుంది. చూడ్డానికి కంగారుగా ఉంటుంది కానీ మందు చిన్నది. లింకు తీసేసి, సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్‌తో (ఫారం మన సైటు నుంచే వచ్చిందని చెప్పే రహస్య గుర్తుతో) చిన్న ఫారం పెట్టి, అందులో బటన్ పెట్టు. సీఎస్‌ఎస్‌తో ఆ బటన్‌కి పాత లింకు రూపమే ఇవ్వొచ్చు, రిసెప్షన్ వాళ్లకు తేడా కూడా తెలియదు.

నోరు మెదపనివాటితోనే అసలు చిక్కు. మీ సెట్టింగ్స్ ఫైల్లో యూజ్ టీజెడ్ (USE_TZ, టైమ్ జోన్ల లెక్క పాటించాలా వద్దా అని చెప్పేది) అనే లైను ఉందో లేదో ఈ రోజే చూడు. కొత్తగా ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు జాంగో ఆ లైనును తనే రాసి ఇస్తుంది. మీ ఫైలు పాతవాళ్లెవరో కుదించి రాసింది కాబట్టి అందులో లేకపోయే అవకాశం ఉంది. లేకపోతే 4.2 దాన్ని ఫాల్స్ అనుకుంటుంది, 5.0 నుంచి ట్రూ అనుకుంటుంది. మీ డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. అందులో ఉదయం పది గంటల అపాయింట్‌మెంట్ పది అనే రాసి ఉంటుంది. వెర్షన్ మారగానే జాంగో ఆ పదిని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుని, మన సమయానికి అయిదున్నర గంటలు కలిపి మధ్యాహ్నం మూడున్నర అని చూపిస్తుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు, పేజీ చక్కగా తెరుచుకుంటుంది. పొద్దున్నే రావాల్సిన పేషెంటు మధ్యాహ్నం వస్తాడు, వచ్చాక గొడవ. లైను లేకపోతే ముందు ఫాల్స్ అని స్పష్టంగా రాసెయ్. ట్రూకి మారడం మంచిదే, కానీ పాత డేటాను సరిచేసుకుంటూ విడిగా చేయాల్సిన పని అది. వెర్షన్ మార్పుతో కలపకు.

అలాంటిదే ఇంకొకటి. పేషెంట్ల రిపోర్టులు క్లౌడ్ స్టోరేజ్‌కి వెళ్తాయన్నావు ఒకసారి. అది డీఫాల్ట్ ఫైల్ స్టోరేజ్ అనే పాత సెట్టింగ్‌తో నడుస్తుంటే జాగ్రత్త. 5.1 లో దాన్ని తీసేశారు. సెట్టింగ్ ఫైల్లోనే ఉంటుంది, జాంగో మాత్రం దాని వంక చూడదు. రిపోర్టులు అప్‌లోడ్ అయినట్టే కనిపిస్తాయి కానీ సర్వర్ డిస్కులోకి చేరతాయి. సర్వర్ మార్చిన రోజు అవి ఉండవు. 4.2 లోనే వచ్చిన స్టోరేజెస్ అనే కొత్త సెట్టింగ్‌లోకి ఇప్పుడే మార్చుకో, ఇప్పటి వెర్షన్‌లోనే అది పనిచేస్తుంది.

ఇవన్నీ నేను గుర్తుపెట్టుకుని చెబుతున్నవి కావు, 4.2 చెబుతున్నవే. ఏది ఎప్పుడు తీసేస్తారో జాంగో చాలా ముందే వార్నింగ్ ఇస్తుంది, ఏ వెర్షన్‌లో తీసేస్తారన్నది ఆ వార్నింగ్ పేరులోనే ఉంటుంది. కానీ పైథాన్ అలాంటివి మామూలుగా చూపించదు. టెస్టులు (కోడు సరిగ్గా పనిచేస్తోందో తనిఖీ చేసే చిన్న ప్రోగ్రాములు) నడిపేటప్పుడు పైథాన్ పక్కన హైఫన్, పెద్ద డబ్ల్యూ, చిన్న ఏ (-Wa) పెట్టి నడుపు, అన్నీ బయటపడతాయి. వెర్షన్ మార్చకముందే, 4.2 మీదే, ఆ జాబితా ఖాళీ అయ్యేదాకా కూర్చో. సగం పని అక్కడే అయిపోతుంది. తర్వాత నీ మెషీన్ మీద 5.0, ఆపైన 5.1, ఆపైన 5.2, ఒక్కో మెట్టుకీ రిలీజ్ నోట్స్ చదివి, వార్నింగులు తీసేసుకుంటూ వెళ్లు. సర్వర్ మీద పెట్టేది 5.2 ఒక్కటే.

టెస్టులు పెద్దగా లేవంటావేమో. అపాయింట్‌మెంట్ బుక్ చేయడం, లాగిన్, లాగౌట్, రిపోర్టు అప్‌లోడ్, రిమైండర్ మెయిల్, వీటికైనా రాసుకో. అపాయింట్‌మెంట్ టెస్టులో పేజీ వచ్చిందా అని మాత్రమే చూడకు, పేజీలో ఉన్న టైము పదేనా అని కూడా చూడు. మీరు వాడే బయటి ప్యాకేజీలు ఒక్కొక్కటీ 5.2 తో నడుస్తాయో లేదో ముందే కనుక్కో. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని ప్యాకేజీ ఒకటైనా ఉంటుంది, దాన్ని వదిలించుకోవడానికి ఇదే సమయం.

మీ సారుకు 6.0 మీద మనసు పోయింది అందులో కొత్తగా వచ్చిన టాస్క్స్ వల్లేనని నా అనుమానం. మెయిళ్లు పంపడం లాంటి పనుల్ని వెనకాల నడిపించే ఏర్పాటు జాంగోలోకే వచ్చింది, నాకూ సంతోషమే. అయితే దానితోపాటు వర్కర్‌ని, అంటే వెనకాల ఆ పనులు చేసే ప్రోగ్రామ్‌ని, ఇవ్వలేదు. ఏమీ మార్చకుండా వాడితే పని అక్కడికక్కడే, పేజీ లోడయ్యేలోపే జరుగుతుంది. పేషెంటు బటన్ నొక్కి, మెయిల్ వెళ్లేదాకా ఎదురుచూడాల్సిందే. అసలు వర్కర్‌ని బయటినుంచి తెచ్చుకోవాలి. వెనకాల పనులకు మీరు ఇప్పుడు వాడుతున్న సెలరీ (Celery) ప్యాకేజీ బాగానే నడుస్తోంది, దాన్ని కదపొద్దని సారుకు చెప్పు. ముచ్చటగా ఉంటే 6.0 ని వేరే బ్రాంచిలో పెట్టి ఆడుకో, టెంప్లేట్ పార్షియల్స్ (పేజీ టెంప్లేట్‌లో ఒక ముక్కకు పేరు పెట్టి మళ్లీ మళ్లీ వాడుకునే ఏర్పాటు) నీకు బాగా నచ్చుతాయి.

మార్చే రోజున డేటాబేస్ డంప్ (మొత్తం డేటా నకలు) తీసుకోవడం అందరూ చేస్తారు. ఆ డంప్‌ను వేరే మెషీన్ మీద తిరిగి ఎక్కించి చూసేది తక్కువమంది. నువ్వు ముందురోజే ఎక్కించి చూడు. కొత్త వెర్షన్ పెట్టగానే క్యాష్ (వేగం కోసం తాత్కాలికంగా దాచుకునే చోటు) ఖాళీ చెయ్, పాత జాంగో దాచిన వస్తువుల్ని కొత్త జాంగో సరిగ్గా తెరుస్తుందన్న హామీ లేదు. ఓపీ రద్దీ తగ్గాక, మీరిద్దరూ ఆఫీసులో ఉండే రోజు చూసుకో.

ఇంకొకటి, ఇది నా కోరిక. 2005 లో అమెరికాలోని కాన్సస్‌లో ఒక పత్రికాఫీసు నుంచి బయటికొచ్చిన ఈ జాంగోని ఇప్పటికీ ఎక్కువగా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే నడుపుతున్నారు. మీ క్లినిక్ దానికి పైసా కట్టలేదు. 6.1 బీటా (విడుదలకు ముందు పరీక్షించడానికి ఇచ్చేది) వచ్చినప్పుడు మీ టెస్టులు దాని మీద ఒకసారి నడిపి, ఏదైనా చెడితే వాళ్లకు రాయి. జాంగో భాషల జాబితాలో తెలుగు కూడా ఉంది. జాంగోతోపాటు వచ్చే అడ్మిన్ పేజీల్ని తెలుగులో పెట్టి చూడు, ఇంగ్లీషులోనే మిగిలిన ముక్కలు కనిపిస్తే ట్రాన్సిఫెక్స్ అనే అనువాదాల సైట్లో తెలుగు రాయొచ్చు. రిలీజ్ క్యాండిడేట్ (విడుదలకు ముందు వచ్చే చివరి ముసాయిదా) రాగానే అనువదించాల్సిన వాక్యాలు ఇక మారవు, ఆ రోజుల్లో రాస్తే శ్రమ వృథా కాదు.

వార్నింగుల జాబితా రాగానే నాకు పంపు. ఆదివారం కూర్చుని ఇద్దరం చూద్దాం. మీ సారుతో మాట్లాడమంటే నేనే మాట్లాడతాను.

ఉంటాను,
మీ పెద్దమామయ్య